మోదుగు దాటిన రంగు

కొత్తగూడ,
ఏప్రిల్ 1998

చెల్లె రోహిణికి,

అన్న ఉత్తరం రాశాడంటే ఏదో పని పడి ఉంటుందని కవరు చింపకముందే అనుకొని ఉంటావు. నిజమే. కానీ ముందు ఇంటి సంగతులు రాయకపోతే అమ్మ ఊరుకోదు, పక్కనే కూర్చుంది. అమ్మకు మోకాళ్లు తప్ప అన్నీ బాగున్నాయట. మీ వదిన నీకోసం మామిడి ఒరుగులు ఎండబెట్టింది. తెలిసినవాళ్లెవరైనా జమ్మికుంట వైపు వస్తుంటే పంపుతాను.

మన ఊరు ఇప్పుడు చూస్తే నువ్వు గుర్తుపట్టవు. మాదాపూర్ గుట్టల్లో గుండ్రటి భవనం ఒకటి లేస్తోంది. అక్కడ బండలు పేలిస్తే ఇక్కడ మన అటక మీద గిన్నెలు గలగలమంటాయి. అంతా కంప్యూటర్లేనట, మనుషులు వాటి ముందు కూర్చుంటారట. ఆ భవనానికి పెద్ద రోడ్డు కావాలి. కొలతల వాళ్లు వచ్చి మన కొలిమి గోడ మీద ఎర్ర గీత గీసిపోయారు. దసరా పోయాక పడగొడతారు. ఇల్లు మిగులుతుంది, కొలిమి పోతుంది.

నాయిన పోయినప్పటి నుంచి అందులో కోళ్లే కదా ఉంటున్నవి, పోతే పోయిందిలే అన్నాను వాళ్లతో. అనేసి, వాళ్లు పోయాక ఆ ఎర్ర గీతను చేత్తో తుడిచి చూశాను, పోలేదు.

పై వాటాలో వీరలక్ష్మి గారని గోదావరి జిల్లా ఆవిడ కిరాయికి దిగారు. భర్త సచివాలయంలో పనిచేస్తారు. మొన్న ఆవిడ మెట్ల మీద నన్ను ఆపి, "తిరుపతి గారూ, మాకిచ్చిన వంటింట్లో గట్టు కట్టించారు, బాగుందండి. కానీ నిలబడి వండుతూ కూరలకి కింద కత్తిపీట ముందు కూర్చోమంటే నా మోకాళ్లు ఒప్పుకోవట్లేదండి. బజారు కత్తులు టమాటా కూడా కొయ్యవు. ఇనప కత్తితో కోస్తే అరటికాయ నల్లబడిపోతుంది. మీ నాన్నగారు కమ్మరి పని చేసేవారట కదా, నాకో స్టీలు కత్తి చేసిపెట్టకూడదా?" అన్నారు.

నేను సరే అనేశాను. ఫ్యాక్టరీలో ఇన్నేళ్లు మిషన్ల మీద పనిచేశాను గానీ, నాయిన కొలిమిలో నా చేత్తో ఒక్క వస్తువూ పూర్తిగా చెయ్యలేదు. ఆ కొలిమిలో జరిగిన చివరి పని కోడి గుడ్డు పెట్టడం కాకూడదు కదా.

ఆకురాయి పట్టడం నాకు రోజూ ఉన్నదే. సుత్తె తెలుసు, రంపం తెలుసు. తెలియనిది ఒక్కటే, ఎర్రగా కాలిన దాన్ని పొయ్యిలోంచి తీసి ముంచే సమయం. నాయిన పక్కన కూర్చొని నువ్వే చెప్పేదానివి, "ఇగ తియ్యి నాయినా" అని. ఆయన నీ మాట మీదే తీసేవాడు. నాకా రంగు ఎప్పుడూ చిక్కలేదు. గుర్తుంటే రాయి.

నీ అన్న
తిరుపతి

*

జమ్మికుంట,
మే 1998

అన్నా,

ఒరుగులు అందాయి. వదిన ఈసారి ఉప్పు ఎక్కువ వేసిందని చెప్పకు, నేనే తిట్లు తినాలి.

నీకు రంగు ఎందుకు చిక్కలేదో చెప్పనా? నువ్వు పొయ్యిని చూసింది ఎప్పుడు? తిత్తి దగ్గర కూర్చున్నా, కొలిమి ముందు బండ మీది నుంచి ఎల్లయ్య మామ చెప్పే అడవిపంది కథలు నోరు తెరుచుకొని వినేవాడివి. అటు తిత్తి ఊదుతున్న చెయ్యి ఆగిపోతే నాయిన సుత్తె కర్రతో నీ వీపు తట్టేవాడు. ఎల్లయ్య మామ ఆ పందిని ఎన్నిసార్లు చంపాడో నాకు ఇప్పటికీ లెక్క తేలదు.

సరే, రాసుకో. నాయిన దగ్గర రంగులకు పేర్లన్నీ చెట్లవే. మొదట గురివింద ఎరుపు, అది ఇనుము ఇంకా నిద్రలో ఉన్నట్టు. తర్వాత దానిమ్మ పువ్వు. అదే ముంచే రంగు. కొడవలి అయినా గొడ్డలి అయినా దానిమ్మ పువ్వు నిండుగా విచ్చినప్పుడు తీసి నీళ్లలో పెట్టాలి. ఆ తర్వాత మోదుగు పువ్వు. అది సుత్తె దెబ్బకు లొంగే రంగు, సాగగొట్టడానికి, ముంచడానికి కాదు. మోదుగు దాటాక ఉన్నదాని సంగతి నీకు అక్కర్లేదు.

తలుపుకు గోనెపట్టా కట్టుకో. వెలుతురులో రంగు అబద్ధం చెబుతుంది.

కొలిమి అంటే నాకు ముందు వాసన గుర్తొస్తుంది. తిత్తి తోలు వాసన, తుమ్మ బొగ్గు రాజుకున్నప్పటి పొగ, నీళ్ల తొట్టిలో ఇనుము మునిగినప్పుడు లేచే ఆవిరి. నాయిన చొక్కా ఉతికినా ఆ వాసన పోయేది కాదు. ఇక్కడ బడిలో డ్రాయింగ్ క్లాసులో పిల్లలకు ఎరుపు అంటే డబ్బాలో ఉండే ఒక్క రంగే. నేను ఎరుపులో ఇన్ని ఎరుపులు కలిపి చూపిస్తుంటే వాళ్లు నోళ్లు తెరుస్తారు. ఎక్కడ నేర్చుకున్నావు టీచర్ అంటారు. ఏం చెప్పను?

కొలిమి చూడ్డానికి రమ్మని నువ్వు రాయలేదు. మంచిది. రాయకు కూడా. అమ్మను చూడ్డానికి ఎప్పుడు వచ్చినా నేను ఆ గుమ్మం దాకా వచ్చి పక్కకు తిరిగి పోయేదాన్నే, నీకు తెలుసు.

కోళ్లను ఎక్కడ పెట్టావు?

రోహిణి

*

కొత్తగూడ,
జూన్ 1998

రోహిణీ,

కోళ్లు నీ వదిన వంటింట్లో ఉన్నాయి, నేను మాత్రం ఆమె మనసులో లేను.

కత్తి చేశాను. చేసి చెడగొట్టాను. నవ్వుకో, తర్వాత చదువు.

స్టీలు ఎక్కడ తేవాలి? పాల ట్యాంకు కోసిన ముక్కలు బాలానగర్‌లో పాత సామాన్ల దుకాణంలో దొరికాయి. దళసరిగా, తళతళలాడుతూ ఉన్నాయి. అసలు స్టీలో కాదో చూద్దామని అయస్కాంతం పట్టుకుపోయాను. మనవాళ్లు గిన్నెలు కొనేటప్పుడు చూడరూ, అయస్కాంతం అంటుకుంటే రేకు, అంటుకోకపోతే అసలు స్టీలు అని. ఈ ముక్కకు అంటుకోలేదు. ఎంత సంబరపడ్డానో.

అట్టముక్క మీద ఆకారం గీశాను. వీరలక్ష్మి గారి చెయ్యి చిన్నది కాబట్టి పిడి కొంచెం కురచగా. ఆదివారం ఆదివారం కూర్చొని రంపంతో కోశాను, పిడి మేకులకు రంధ్రాలు వేశాను, ఆకురాయితో అంచు దించాను. మిషన్ మీద అయితే చిటికెలో అయ్యేది. కానీ ఆ ఆకురాయి చప్పుడుకు అమ్మ లేచి వచ్చి కొలిమి గుమ్మంలో కూర్చుంది. కూర్చొని వింది, అంతే. ఒకసారి, "మీ నాయిన గింత సేపు ఆకురాయి పట్టకపోవు" అంది. మెచ్చుకోలో వెక్కిరింతో తెలియలేదు.

గోనెపట్టా కట్టాను. దానిమ్మ పువ్వు కనబడింది, నిజంగా కనబడింది చెల్లె, నువ్వు పక్కన ఉన్నట్టే అనిపించింది. ముంచాను. సాన మీద పదును పెట్టి పైకి తీసుకెళ్లి ఇవ్వబోతే వీరలక్ష్మి గారు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నారు. "అయ్యయ్యో, కత్తి చేతికివ్వకండి, తగవులొస్తాయి. గట్టు మీద పెట్టండి, నేను తీసుకుంటాను" అన్నారు. కింది నుంచి అమ్మ, "గదే నేను మొత్తుకునేది, ఇంటడా వీడు!" అంది. ఇన్నాళ్లకు ఈ ఇంట్లో గోదావరి, మూసీ ఒక్కమాట మీదికి వచ్చాయి.

ఆవిడ సొరకాయ కోశారు, బాగుందన్నారు. వారం తిరగకుండా అంచు ముడుచుకుపోయింది. ఫ్యాక్టరీలో ఇనుము కాల్చి గట్టిపరిచే పని చూసే పెద్దన్న అని నా జతగాడు ఉన్నాడు, వాణ్ని అడిగితే పడీపడీ నవ్వాడు. "గిన్నెల స్టీలుతో కత్తి చేసినవా? అది ఎంత కాల్చినా గట్టిపడదు. కత్తికి అయస్కాంతం అంటుకునే స్టీలే కావాలె!" అన్నాడు. కమ్మరి కొడుకును, ఇనుమును గిన్నెల బేరం చేసినట్టు చేశాను.

ఆ పెద్దన్నే టర్బైన్ రెక్కలకు వాడే స్టీలు పట్టీ ఒకటి ఇప్పించాడు. అందులోంచి రెండు కత్తులు వస్తాయి. మళ్లీ మొదలుపెట్టాను.

తిరుపతి

*

జమ్మికుంట,
జూలై 1998

అన్నా,

అయస్కాంతం సంగతి మా ఆయనకు చదివి వినిపించాను. అన్నం తింటున్నవాడికి పొలమారింది. మీ అన్నను ఈసారి స్టీలు కొనడానికి పోయేటప్పుడు నన్ను తోడు తీసుకుపొమ్మను, నేను చెంచాలు కూడా చూసిపెడతాను అంటున్నాడు.

కొలిమి గుమ్మంలో అమ్మ కూర్చోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. నేను తిత్తి దగ్గర ఉన్న రోజుల్లో అమ్మ ఆ దిక్కే చూసేది కాదు. మొహమంతా మసి పూసుకొని వస్తే చెంబుతో నీళ్లు ముఖాన కొట్టి, "నిన్నెవడు చేసుకుంటడే" అనేది.

ఇక్కడ బడి తెరిచారు. వాన పడుతుంటే వరండాలో పిల్లలతో బొమ్మలు వేయిస్తున్నాను. నిన్న ఎందుకో నేనే కూర్చొని మన కొలిమి గీశాను. కప్పు పెంకుల్లోంచి వెలుతురు గీతలుగా పడేది కదా, అది వేశాను. ఇనుము పెట్టి కొట్టే దాగలి వేశాను. నాయినను వెయ్యబోతే చెయ్యి రాలేదు, వీపు మాత్రం వేశాను. తిత్తి దగ్గర ఎవరూ లేరు.

రెండో కత్తి ఏమైంది?

రోహిణి

*

కొత్తగూడ,
ఆగస్టు 1998

రోహిణీ,

రెండో కత్తి కూడా మెత్తగానే ఉంది.

ఈసారి స్టీలు తప్పు కాదు. అయస్కాంతం టక్కున అంటుకుంది. ఆకారం మొదటిదాని కంటే బాగా కుదిరింది, వీపు నుంచి అంచు దాకా నిదానంగా దిగింది, నాయిన చూస్తే ఒక హూ అనేవాడు. నువ్వు చెప్పిన దానిమ్మ పువ్వు దగ్గరే తీశాను. ఈ స్టీలుకు నీళ్లు వద్దు నూనె వాడమంటే కుసుమ నూనె వాడాను, మీ వదిన వేరే గిన్నె పెట్టుకొమ్మంది. చల్లారాక ఆకురాయి పెట్టి చూశాను. గట్టిపడి ఉంటే ఆకురాయి జారాలి. జారలేదు, కరిచింది. రెండోసారి కొంచెం ఎక్కువ కాల్చి ముంచితే మొన వంగిపోయింది.

పెద్దన్న చెప్పింది ఏమిటంటే, నాయిన చేసినది మామూలు ఉక్కు, ఈ స్టీలు వేరు. దానిమ్మ దగ్గర ఇది మేలుకోదట. ఇంకా పైకి పోవాలి, మోదుగు కూడా దాటి పసుపు వైపు తిరగాలి. కానీ నిండు పసుపు కాకూడదు, అయితే పాడవుతుంది. "ఎందుకు పరేషాన్? నాకియ్యి, ఫర్నేసుల పడేస్త, వేడి చూపే ముల్లు చూసుకుంటే అయిపాయె" అన్నాడు. మంచివాడు, నిజంగానే చేసిపెడతాడు. నేను వద్దన్నాను. ఫ్యాక్టరీ ఫర్నేసులో చేస్తే అది ఫ్యాక్టరీ కత్తి అవుతుంది. నాకు కావలసింది కత్తి ఒక్కటే కాదు చెల్లె. నాయిన పొయ్యి చల్లారేలోగా ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కటి, సరిగ్గా మండి చూడాలి. లేకపోతే ఆ పొయ్యిని నేను ఓడగొట్టి పంపినట్టే.

కానీ ఆ పై రంగు నాకు దొరకడం లేదు. పగలు చేద్దామంటే పెంకుల సందుల్లోంచి ఎండ. పొద్దుగూకాక చేద్దామంటే గుట్ట మీది భవనం దగ్గర పసుపుపచ్చటి పెద్ద దీపాలు పెట్టారు, ఆ వెలుగు కొలిమి లోపలి దాకా వస్తోంది. అంతా పసుపే.

పట్టీలో ఒక్క ముక్క మిగిలింది. అది కూడా గీసి పెట్టుకున్నాను. మోదుగు దాటిన తర్వాతి రంగు నీకు అక్కర్లేదని రాశావు. ఇప్పుడు అదే కావాలి. ఎలా ఉంటుందో నువ్వు చూశావు కదా?

బతుకమ్మకు బడి సెలవులే కదా.

తిరుపతి

*

జమ్మికుంట,
సెప్టెంబరు 1998

అన్నా,

నీ ఉత్తరానికి జవాబు ఇన్ని రోజులు ఎందుకు రాయలేదో నీకు తెలుసు. తెలిసే అడిగావు.

చూశాను. ఆ రంగు నేను ఒక్కసారే చూశాను, అదీ అందరికంటే ఎక్కువసేపు. ఎల్లయ్య మామ కొడవలి అది. వరికోతల ముందు. నాయిన పటుకారు పట్టుకొని ఎదురుచూస్తున్నాడు. దానిమ్మ వచ్చింది, నేను తియ్యి అనలేదు. మోదుగు వచ్చింది, అనలేదు. ఆ తర్వాత ఇనుము మోదుగును వదిలి తంగేడు వైపు తిరగడం మొదలుపెట్టింది. అన్నా, అది ఎంత అందంగా ఉందో నీకు చెప్పలేను. అంచు మీద లోపలి నుంచి వెలుగు వస్తున్నట్టుంది. ఇంకొంచెం చూడాలనిపించింది. చూసి, అప్పుడు తియ్యమన్నాను. నాయిన నా మాట మీదే తీశాడు.

ఆ కొడవలి మొదటి రోజే చేలో రెండు ముక్కలైంది. ఎల్లయ్య మామ ఆ ముక్కలు తెచ్చి గుమ్మం ముందు పడేశాడు. నాయిన నా దిక్కు చూడకుండా, "ఇగ నువ్వు కొలిమి దిక్కు రాకు బిడ్డా" అన్నాడు. అంతే. మళ్లీ పిలవలేదు. తిత్తి దగ్గర నిన్ను కూర్చోబెట్టాడు.

నేను ఏడవలేదు, ఎవరూ నన్ను ఏడవడం చూడలేదు. కానీ బిందెతో నీళ్లు తెస్తూ ఆ గుమ్మం ముందు నుంచి పోయిన ప్రతిసారీ లోపల సుత్తె చప్పుడు వినేదాన్ని. నువ్వు తప్పు రంగులో తీస్తే చప్పుడును బట్టే నాకు తెలిసిపోయేది. అయినా నిన్ను వెళ్లగొట్టలేదు. ఒక్క కొడవలికి నన్ను వెళ్లగొట్టాడు. నీ మీద నాకు కోపం లేదు, ఎందుకు ఉంటుంది? నాయిన మీద ఉంది. ఆయన పోయాక కూడా ఉంది. ఇంత కాలం ఆ కోపాన్ని మొయ్యడం మంచి పని కాదని తెలుసు, దించడం ఎట్లాగో తెలియదు.

ఇప్పుడు నువ్వు వెతుకుతున్నది ఆ రంగే. నన్ను కొలిమిలోంచి వెళ్లగొట్టిన రంగే నీ కొత్త స్టీలుకు కావాలట. వినడానికి బాగుంది.

రాసుకో. మోదుగు వదిలేసి, తంగేడు ఇంకా కాకముందు. రేకు అంచు పసుపెక్కి, మధ్యలో ఇంకా నారింజ ఉన్నప్పుడు. అంతకంటే మాటల్లో రాదు. పెట్టెలోని రంగులతో కలిపి చూశాను, కాగితం మీద చచ్చిపోయింది.

నేను రాను.

రోహిణి

*

కొత్తగూడ,
సెప్టెంబరు 1998

రోహిణీ,

చిన్న ఉత్తరమే.

నువ్వు రాసిన రంగు చదివాను. చదివితే కనబడింది, పొయ్యి ముందు కూర్చుంటే పోయింది. మిగిలిన ముక్క తీసి మళ్లీ గోడకు వేలాడదీశాను. దాన్ని చెడగొట్టే ధైర్యం లేదు.

లోపలికి రమ్మని నేను అనను. గుమ్మం బయటే నిలబడు. గోనెపట్టా పక్కకు జరిపి పెడతాను, అక్కడి నుంచి చూసి ఒక్క కేక వెయ్యి. నువ్వు ఎప్పుడంటే అప్పుడు తీస్తాను, నాకు కనబడినా కనబడకపోయినా.

అమ్మ బతుకమ్మకు తంగేడు పూలు ఎక్కడ దొరుకుతాయని అడుగుతోంది. గుట్టలన్నీ తవ్వేశారు కదా. ఆ దిక్కు నుంచి దొరికితే తెస్తావని చెప్పాను. రాకపోతే నేనే అబద్ధాలకోరును అవుతాను.

తిరుపతి

*

జమ్మికుంట,
అక్టోబరు 1998

అన్నా,

క్షేమంగా చేరాను. రైలులో ఎదురుగా కూర్చున్న ముసలమ్మ నా చేతులు చూసి, "ఏం పని చేస్తవు బిడ్డా?" అని అడిగింది. గోళ్లలో బొగ్గు ఇంకా పోలేదు. కొలిమి పని అన్నాను. ఎందుకన్నానో, అలా అనేశాను. ఆమె నమ్మింది కూడా.

నువ్వు చెప్పినట్టు గుమ్మం బయటే నిలబడదామనే వచ్చాను, ఒట్టు. బతుకమ్మ పేర్చగా మిగిలిన తంగేడు కొమ్మ చేతిలో పట్టుకున్నాను, పోల్చి చూడొచ్చని. కానీ ఆ గుట్ట మీది దీపాల వెలుగు నా భుజం మీదుగా లోపలికి పడుతోంది. చేతిలో పువ్వు ఏ రంగులో ఉందో కూడా తెలియడం లేదు. నువ్వేమో తిత్తి ఊదుతూ, "ఇప్పుడా చెల్లె? ఇప్పుడా?" అంటున్నావు. ఇంకెంతసేపు బయట నిలబడను? చెప్పులు వదిలి లోపలికి వచ్చి గోనెపట్టా లాగి గుమ్మం నేనే మూసేశాను.

లోపల ఏమీ మారలేదు. నేనే పొడుగయ్యాను. నేను కూర్చునే చోట నేల ఇంకా కొంచెం గుంటగానే ఉంది.

దానిమ్మ వచ్చి పోయింది. మోదుగు వచ్చింది. నువ్వు పటుకారు బిగించావు, నేను ఆగమన్నాను. నీ ముఖం చూశాను, నీకు ఏమీ కనబడడం లేదని తెలిసింది. అయినా ఆగావు. అప్పుడు అది వచ్చింది అన్నా, అదే, ఏమీ తేడా లేదు. ఆ రోజు చూసిందే. ఇంకొంచెం చూడాలని మళ్లీ అనిపించింది. ఈసారి చూడలేదు. "ఇగ తియ్యి" అన్నాను. నోట్లోంచి నాయినా అని రాబోయి అన్నా అని వచ్చింది.

నువ్వు నూనెలో ముంచి ఊపావు. చల్లారాక ఆకురాయి పెట్టావు, గాజు మీద జారినట్టు జారింది. నువ్వు చిన్నపిల్లాడిలా గంతులేసి కత్తి తెచ్చి నా చేతిలో పెట్టేశావు. అమ్మ గుమ్మంలోంచి, "చేతికిస్తవురా! కొట్లాట వస్తదిరా!" అని అరిచేసరికి నేను దాగలి మీద పెట్టి మళ్లీ తీసుకున్నాను. పొద్దున వీరలక్ష్మి గారి అమ్మాయి సంయుక్త కేకులు చేసుకునే పొయ్యిలో దాన్ని సన్నటి వేడిలో పెట్టించి, పెళుసు పోయిందా అని నువ్వు ఎన్నిసార్లు తలుపు తీశావో! పాపం ఆ అమ్మాయికి ఇల్లంతా కుసుమ నూనె వాసన.

కత్తి నన్ను తీసుకుపొమ్మన్నావు. వద్దులే. ఆవిడ అడిగింది, ఆవిడకే ఉండాలి. వంటింట్లో ఉంటేనే అది కత్తి.

నాయిన ఉంటే ఏమనేవాడో అని వచ్చే దారిలో చాలాసేపు అనుకున్నాను. తెలియదు. అది ఒక్కటే వెలితి.

రోహిణి

*

కొత్తగూడ,
నవంబరు 1998

రోహిణీ,

కొలిమి పోయింది.

పొద్దున్నే వచ్చారు. దాగలి, సుత్తెలు, నాయిన నీళ్ల తొట్టి ముందే ఇంట్లోకి చేర్చాను. పెంకులు దించుతుంటే నేను అక్కడే నిలబడ్డాను, అమ్మ అరుగు మీద కూర్చుంది. గోడలు పడడం ఎంతసేపు? మధ్యాహ్నానికి ఎల్లయ్య మామ కూర్చునే బండ కూడా లేదు. ఏడుపొచ్చింది, దుమ్ము పడిందని కళ్లు తుడుచుకున్నాను.

వీరలక్ష్మి గారు కత్తికి అయస్కాంతం పెట్టి చూశారు, నాకు తెలియకుండా చూద్దామనుకున్నారు గానీ అది టక్కున అంటుకున్న చప్పుడు మెట్ల దాకా వినబడింది. మొహం చిన్నబోయింది. తర్వాత అరటికాయ కోశారు. పైనుంచే కేకేసి, "తిరుపతి గారూ, అయస్కాంతానికి వంట ఏం తెలుస్తుందండీ!" అన్నారు. ఇప్పుడు పొద్దున లేస్తే పై వాటాలోంచి టకటకమని చప్పుడు వస్తుంది. అమ్మ ఆ చప్పుడు విని, "పని మొదలైంది" అంటుంది. కొలిమి చప్పుడుకు కూడా ఇదివరకు ఇట్లాగే అనేది.

అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను. పెంకులు దించేవాళ్లకు దూలం మీద గోనెగుడ్డలో చుట్టిన మూట దొరికింది. విప్పితే కొడవలి. రెండు ముక్కలు. ఎల్లయ్య మామది.

నీకు తెలుసు కదా, నాయిన ఇనుము ముక్కను ఉత్తగా ఉంచే మనిషి కాదు. విరిగిన గొలుసైనా, అరిగిన నాడా అయినా సాయంత్రానికి పొయ్యిలోకి పోయి ఇంకేదో అయి బయటికి వచ్చేది. ఈ ముక్కలు మాత్రం పొయ్యి మొహం చూడలేదు. తుప్పు పట్టకుండా నూనె కూడా పట్టించి ఉన్నాయి.

అమ్మకు చూపించాను. ముక్కలు ఒళ్లో పెట్టుకొని కొంగుతో తుడిచింది. తర్వాత చెప్పింది. ఆమె మాటల్లోనే రాస్తున్నాను, నేను కలిపింది లేదు.

"కొడవలి ఇరిగిందని కాదు బిడ్డా. గప్పుడే పిల్ల పెద్దమనిషైంది. ఇగ మగోళ్ల నడుమ కొలిమికాడ కూసునుడేంది, నలుగురు ఏమనుకుంటరని నేనే వద్దన్న. మీ నాయిన వారం దినాలు నాతోని మాట్లాడలె. పిల్లకు గా మాట చెప్పనీకి నోరు రాక, నెపం కొడవలి మీద పెట్టిండు. గీ ముక్కలు కాల్చి ఇంకోటి చెయ్యరాదు అంటే, నా బిడ్డ చూసిన ఆఖరి రంగు గిది, ఉండనీ అన్నడు. గంతే. రోహిణికి రాయి. నేను చెప్పిన్నని రాయి."

రాశాను. ముక్కలు ఏం చెయ్యమంటావో చెప్పు.

తిరుపతి

*

జమ్మికుంట,
నవంబరు 1998

అన్నా,

ఉత్తరం బడిలో అందింది. చదివి క్లాసుకు పోలేదు, పిల్లలు కిటికీలోంచి తొంగి చూసి పోయారు.

అమ్మ మీద కోపం రావాలి కదా, వచ్చింది. ఇంటికి పోయేసరికి తగ్గింది. ఆ రోజుల్లో ఆమెకు అంతే తెలుసు. నాయిన మీద కోపం పోయిందని రాస్తే నువ్వు సంతోషిస్తావు గానీ, పూర్తిగా పోలేదు. ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. కొడవలికి నూనె పట్టించే బదులు నన్ను పిలిచి, నీ కన్ను తప్పు కాదు బిడ్డా అని ఉండొచ్చు. నేను దూలాల మీద వెతుక్కునే మనిషిని కాదు కదా. అయినా నిన్న జూలైలో గీసిన బొమ్మ బయటికి తీసి, తిత్తి దగ్గర పిల్లను వేశాను. నాయిన వీపు అలాగే ఉంచాను. ఆ వీపు నా దిక్కు ఎందుకు తిరిగి ఉందో ఇప్పుడు తెలుసు.

ముక్కలు కాల్చకు, అతికించకు. ఆదివారం పొద్దుటి రైలుకు వస్తున్నాను. అమ్మకు చెప్పు, జొన్నరొట్టె చెయ్యమను, తిట్టనని చెప్పు.

ఆ కొడవలిని దాగలి మీదా, గట్టు మీదా పెట్టకు. కొట్లాట వస్తుందని అమ్మ అరుస్తుంది, అరవనీ. ఇన్నేళ్ల కొట్లాట ఇవ్వనందుకే కదా వచ్చింది. నా చేతికే ఇవ్వు.

రోహిణి